పట్టూ విడుపూ తెలిసిన జెల్లీ

పిల్లలూ, మనిషికి పట్టూ విడుపూ తెలియాలని పెద్దలు అంటూ ఉంటారు గదా! గాలిపటం ఎగరేసేవాడికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. దారం బిగించి పట్టుకోవలసిన సమయం ఒకటి, వదలవలసిన సమయం మరొకటి. ఎంతసేపూ బిగిస్తూ ఉంటే దారం తెగిపోతుంది. ఎంతసేపూ వదులుతూ ఉంటే పటం నేలకు దిగిపోతుంది.

మనుషులకు ఈ గుణం ఉండటం వింత కాదు. కాని, ప్రాణం లేని ఒక జెల్లీకి కూడా ఉన్నదంటే మీరు నమ్ముతారా? అది చల్లగా ఉన్నంతసేపూ ఒంటినిండా నీటిని పట్టుకుని ఉబ్బి ఉంటుంది. 32 డిగ్రీలు దాటి వేడెక్కిందో, నీటిని బయటికి వదిలేసి ముడుచుకుపోతుంది. పది గరిటెల జెల్లీ ఒక్క గరిటెడు అయిపోతుంది! మళ్ళీ చల్లని నీటిలో వేస్తే, తాగినంత తాగి యథాప్రకారం ఉబ్బుతుంది. ముట్టుకుంటే అత్తిపత్తి ఆకు ముడుచుకున్నట్టే, వేడి తగిలితే ఇది ముడుచుకుంటుంది.

ఇందులో వింత ఏమిటంటారా? మీ వంటింట్లోకి వెళ్ళి చూడండి. బెల్లం చన్నీళ్ళలోకన్నా వేడినీళ్ళలో తొందరగా కరుగుతుంది. పండగనాడు చేసే జెల్లీ చల్లారితే గట్టిపడుతుంది, వేడి చేస్తే కరిగి నీరవుతుంది. కోడిగుడ్డును ఉడకబెడితే తెల్లసొన గట్టిపడుతుంది. కాని దానిని ఎంత చల్లబరచినా మళ్ళీ పచ్చిగుడ్డు కాదు. మన జెల్లీ వీటిలో దేనిలాగానూ లేదు. చల్లగా ఉంటే నీటితో స్నేహం, వేడెక్కితే నీటితో పేచీ. ఆ పేచీ కూడా శాశ్వతం కాదు, చల్లబడితే మళ్ళీ స్నేహమే.

ఈ జెల్లీని తయారు చేసే ముడిసరుకు ఒక తెల్లని స్ఫటికాల పొడి. దాని పేరు ఎన్-ఐసోప్రోపైల్ అక్రిలమైడ్. ఇంత పొడుగు పేరు పలకలేక ప్రయోగశాలలో వాళ్ళు ముద్దుగా ‘నైపామ్’ అంటారు. మనమూ అలాగే అందాం. సుమారు 60 డిగ్రీల వేడికి ఆ స్ఫటికాలు కరుగుతాయి. దాని ఒక్కొక్క అణువులోనూ 6 కర్బన పరమాణువులూ, 11 ఉదజని పరమాణువులూ, ఒక నత్రజని, ఒక ప్రాణవాయువు పరమాణువూ ఉంటాయి.

ఇలాటి విడి అణువును ‘మోనోమర్’ అంటారు. అనగా ఒక్క పూస అన్నమాట. పూసలన్నీ గుచ్చితే దండ అవుతుంది గదా, ఆ దండను ‘పాలిమర్’ అంటారు. మరి దారం లేకుండా ఈ పూసలను గుచ్చేదెట్లా? ఒప్పులకుప్ప ఆడే ఇద్దరు ఆడపిల్లలను తలచుకోండి. ఇద్దరూ రెండేసి చేతులూ కలిపి పట్టుకుని గిరగిరా తిరుగుతారు. నైపామ్ అణువులో ఒకచోట రెండు కర్బన పరమాణువులు సరిగా ఇట్లాగే రెండు చేతులూ పట్టుకుని ఉంటాయి. అమ్మోనియం పర్‌సల్ఫేట్ అనే మందును కొద్దిగా వేసి, దానిని తొందరపెట్టే మరొక మందు చేరిస్తే, ఒక జత చేయి విడిపోతుంది. విడిన చేయి పక్క జతను అందుకుంటుంది. ఆ జత తన పక్క జతను అందుకుంటుంది. ఈ విధంగా వందలూ వేలూ అణువులు వరసకట్టి పొడుగాటి గొలుసు అవుతుంది. ఈ పని జరిగేటప్పుడు ద్రావణంలో ప్రాణవాయువు ఉంటే ఆటకు అడ్డం వస్తుంది. అందుచేత ముందుగా నత్రజనిని బుడబుడమని పంపి దానిని వెళ్ళగొడతారు. గొలుసులను అక్కడక్కడా ముడివేయటానికి మరొక పదార్థాన్ని కూడా కలుపుతారు. అప్పుడు గొలుసులన్నీ కలిసి వల అవుతాయి. ఆ వల కళ్ళలో నీరు నిలిచి ఉంటే, దానినే ‘హైడ్రోజెల్’ అంటారు.

ఒక్క సంగతి జాగ్రత్తగా గుర్తుంచుకోండి. పూస వేరు, దండ వేరు. విడి నైపామ్ పొడి మింగితే హాని, కళ్ళలో పడితే మరీ హాని. దాని తోబుట్టువు అక్రిలమైడ్ అయితే నరాలనే దెబ్బ తీస్తుంది. అందువల్లనే ప్రయోగశాలలో చేతులకు తొడుగులూ, కళ్ళకు అద్దాలూ పెట్టుకోనిదే ఈ పొడిని ముట్టరు. జెల్ తయారైన తరువాత కూడా దానిని రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు మార్చుతూనే ఉంటారు. గొలుసులో చేరకుండా మిగిలిన విడిపూసలు ఆ నీళ్ళతో కొట్టుకుపోవాలి.

ఇక అసలు కిటుకు చెబుతాను. నైపామ్ అణువుకు రెండు స్వభావాలున్నాయి. దాని ఒంట్లో ఒక భాగానికి నీరంటే ప్రీతి. ఇంకొక భాగానికి నూనె గుణం, నీరంటే గిట్టదు. చల్లగా ఉన్నప్పుడు నీటి అణువులు నిదానంగా ఉంటాయి. అవి గొలుసుల చుట్టూ వరసగా చేరి, ప్రీతిగల భాగాన్ని పట్టుకుని, గిట్టని భాగం చుట్టూ కూడా పందిరి అల్లినట్టు అల్లుకుంటాయి. వేడి పెరిగిన కొద్దీ నీటి అణువులకు కుదురు తగ్గుతుంది. 32 డిగ్రీల దగ్గర ఆ పందిరి చెదిరిపోతుంది. అప్పుడు నూనె గుణంగల భాగాలన్నీ, నీళ్ళమీద నూనె చుక్కలు ఒకటైనట్టు, ఒకదానినొకటి చేరుకుంటాయి. వల బిగుసుకుంటుంది, నీరు బయటపడుతుంది. అంతవరకూ గాజులా స్వచ్ఛంగా ఉన్న జెల్లీ గంజిలాగా తెల్లబడుతుంది.

ఈ పదార్థం మొదట ఎందుకు పనికివచ్చిందనుకున్నారో తెలుసా? ఎలుకలను తరమటానికి! 1950ల్లో దీనిని తయారు చేసిన తరువాత, 1957లో అమెరికాలో ఎలుకలు దగ్గరికి రాకుండా చేసే మందుగా దీనికి పేటెంటు పుచ్చుకున్నారు. 1968లో హెస్కిన్స్, గిలే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీని గొలుసులు 32 డిగ్రీల దగ్గర నీటినుంచి విడివడతాయని ప్రకటించారు. జపాన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన తొయోఇచి తనాకా అనే భౌతికశాస్త్రజ్ఞుడు, జెల్‌లు ఒక్కసారిగా కుంచించుకుపోగలవని 1978లో అక్రిలమైడ్ జెల్‌తో చూపించాడు. 1984లో ఆయనా, ఆయన సహచరుడూ కలిసి నైపామ్ జెల్ వేడికి ఇట్లా ముడుచుకోవటాన్ని వివరంగా కొలిచారు. ఎలుకల మందు కాస్తా తెలివైన జెల్లీ అయి కూర్చున్నది.

ఇప్పుడు మా ఊరి సంగతికి వస్తాను. నేను ఉండేది కర్నూలులో. తుంగభద్ర పక్కనే పారుతున్నా, మా జిల్లాలో మెట్టభూములే ఎక్కువ. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటటం మాకు కొత్త కాదు. మా అక్కగారి ఊరు పత్తికొండ వైపు. అక్కడ మా బావ ఎర్రనేలలో సేద్యం చేస్తాడు. ఆయన మూడెకరాలలో మామిడి మొక్కలు నాటాడు. బోరులో నీరు తగ్గిపోయింది. ట్యాంకరు నీళ్ళు కొని పోస్తే చేతిలో డబ్బు మిగలదు, పోయకపోతే మొక్కలు మిగలవు.

మా మేనకోడలు తొమ్మిదో తరగతి చదువుతున్నది. నైపామ్ జెల్ గురించి ఆ పిల్ల ఎక్కడో చదివి తండ్రికి చెప్పిందట. మా బావ మరునాడే పిల్లను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

“ఏమప్పా! ఎండ పడగానే నీళ్ళు వదిలే జిగురు ఒకటి ఉందంట గదా! చెట్టుకు దప్పిక అయ్యేది ఎండపూటే. అది నీళ్ళు వదిలేదీ ఎండపూటే. రాత్రి చల్లబడితే మళ్ళీ తాగి పెట్టుకుంటుంది. మనకు ఇంతకన్నా ఏం కావాల? ఎంత ఖర్చయినా సరే, నాకు తెప్పించి పెట్టు,” అన్నాడు.

మా బావ చెప్పిన లెక్క వినటానికి ఎంత ముచ్చటగా ఉన్నదో చూశారా! పట్టూ విడుపూ అంటే ఇదే గదా అనిపిస్తుంది. నాకూ ఆ లెక్క నచ్చింది. కాని, కాగితంమీద లెక్క నచ్చినంత మాత్రాన చేనుకు నీరు రాదు. అందుకని నేను మా మేనకోడలిని ఒక ప్రశ్న అడిగాను.

“పాపా, ఆ జెల్లీ ఎన్ని డిగ్రీల దగ్గర నీళ్ళు వదులుతుందని చదివావు?”

“32 డిగ్రీలు, మామా.”

“మరి మీ మామిడి మొక్క వేరు దగ్గర నేల ఎన్ని డిగ్రీలు ఉంటుంది?”

ఆ పిల్ల తండ్రి ముఖం చూసింది, తండ్రి పిల్ల ముఖం చూశాడు. “అది నాకు తెలీదు, మామా,” అన్నది. తరువాత తానే, “కొలిచి చూస్తే తెలుస్తుంది,” అన్నది.

బడిలో అడిగి ప్రయోగశాల థర్మామీటరు తీసుకుపోయింది. ఒక మొక్క పాదులో కర్రతో జానెడు లోతు రంధ్రం చేసి, థర్మామీటరును అందులో దించి, తెల్లవారుజామునా, మధ్యాహ్నమూ, పొద్దుగూకాకా చూసి పుస్తకంలో రాసుకున్నది. ఒక రోజు కాదు, వారం రోజులు. మే నెల ఎండలు. వారమంతా ఏ పూట చూసినా నేల 32 డిగ్రీలు దాటే ఉన్నది. తెల్లవారుజామున గాలి చల్లబడినా, జానెడు లోతున నేల తన వేడిని అంత తొందరగా వదులుకోదు మరి!

పుస్తకం తీసుకుని వచ్చి ఆ పిల్ల నాతో ఇట్లా అన్నది: “మామా, ఈ జెల్లీని మా చేలో పూడిస్తే మొదటి రోజే నీళ్ళన్నీ కక్కేస్తుంది. రాత్రి కూడా 32కు తగ్గదు గదా, అందుకని మళ్ళీ తాగనే తాగదు. మళ్ళీ తాగాలంటే చలికాలం రావాల. చలికాలంలో మా నాయనకు దీంతో పనే లేదు!”

పిల్లలూ, ఇంతకన్నా బాగా నేను కూడా చెప్పలేను. చూశారా, ఆ జెల్లీలో లోపమేమీ లేదు. అది తన గుణం ప్రకారం నడుచుకుంటుంది. కాని దాని 32 డిగ్రీలకూ మా ఎర్రనేల వేసవికీ పొత్తు కుదరదు. పైగా, నైపామ్ అనేది ప్రయోగశాలలో గ్రాముల లెక్కన తూచుకునే సరుకు, బస్తాల లెక్కన చేలో చల్లేది కాదు.

మా బావ ముఖం చిన్నబోయింది. “అయితే మన ఎండకు తట్టుకునే జిగురే లేదా?” అని అడిగాడు.

ఉన్నది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు ‘పూసా హైడ్రోజెల్’ అనే దానిని తయారు చేశారు. ఆ సంస్థను అందరూ పూసా అని పిలుస్తారు, అందుకే ఆ పేరు. మొక్కల పీచులో ఉండే సెల్యులోజ్ దీనికి ఆధారం. తన బరువుకు కనీసం 350 రెట్ల నీటిని ఇది పీల్చుకుంటుంది. దీని గుణం నైపామ్ జెల్‌కు ఎదురు. 40 నుంచి 50 డిగ్రీల వేడిలోనే ఇది ఎక్కువ నీటిని పట్టగలదు. మెట్టభూముల వేడిని మనసులో పెట్టుకునే దీనిని తయారు చేశారన్నమాట. నేల ఆరిపోతున్న కొద్దీ వేళ్ళు దీనినుంచి మెల్లగా నీరు లాక్కుంటాయి. హెక్టారుకు 2.5 నుంచి 5 కిలోల దాకా వాడమని చెబుతారు.

అయితే, ఏ జెల్లీ కూడా నీటిని పుట్టించదని మా బావకు చెప్పాను. వాన కురిసిన నీటినో, మనం పోసిన నీటినో అది కొంతకాలం దాచి పెడుతుంది, అంతే. దాచటానికి ముందు నీరు ఉండాలి గదా! మా బావ అంతా విని, పది మొక్కలకు ఆ జెల్ వేసి, పది మొక్కలకు వేయకుండా చూస్తానన్నాడు. మిగిలిన వాటికి పాదులో వేరుశనగ పొట్టు పరచి, పక్కన మట్టికుండ పూడ్చి నీళ్ళు నింపుతున్నాడు. కుండ గోడలోంచి చెమ్మ ఊరి వేళ్ళకు అందుతుంది. ఇది పాత పద్ధతే. ఏ పద్ధతి ఎన్ని మొక్కలను కాపాడిందీ మా మేనకోడలు తన పుస్తకంలో రాస్తూ ఉన్నది. ఈ వేసవి గడిస్తేగాని ఫలితం తేలదు.

మరి మామిడి మొక్కకు పనికిరాని నైపామ్ ఇంక దేనికీ పనికిరాదా? అక్కడే ఉన్నది తమాషా! మన ఒంటి వేడి 37 డిగ్రీలు. నైపామ్ గుణం మారేది 32 డిగ్రీల దగ్గర. ఈ రెండింటికీ మధ్య ఉన్న అయిదు డిగ్రీల తేడా వైద్యులకు పెన్నిధి అయింది.

ఒంటి కణాలను గాజు పళ్ళెంలాటి పాత్రలో 37 డిగ్రీల వేడిలో పెంచుతారు. అవి పాత్రను అంటుకుని పెరిగి పలచని పొర అవుతాయి. ఆ పొరను తీయాలంటే కష్టం. మందు వేసి విడదీస్తే కణాలు చెల్లాచెదరవుతాయి, గోకితే చిరుగుతాయి. 1990లో జపాన్ శాస్త్రజ్ఞులు పాత్ర అడుగున నైపామ్ గొలుసులను పలచగా పూసి చూశారు. 37 డిగ్రీల దగ్గర ఆ పూత ముడుచుకుని ఉంటుంది, కణాలు దానిని హాయిగా అంటుకుంటాయి. పాత్రను 20 డిగ్రీలకు చల్లబరిస్తే పూత నీరు తాగి ఉబ్బుతుంది. అప్పుడు కణాల పొర చిరగకుండా, పెనంమీద అట్టు తిరగేసేటప్పుడు లేచినట్టు, తనంతట తానే లేచి వస్తుంది. ఈ పద్ధతితోనే జపాన్ వైద్యులు, కంటి నల్లగుడ్డుమీది పొర పాడైన నలుగురు రోగులకు, వారి నోటిలోపలి కణాలతోనే కొత్త పొర పెంచి అతికించారు. ఆ సంగతి 2004లో ప్రకటించారు. ఆ నలుగురికీ చూపు మెరుగయింది.

మా రాయలసీమకు కూడా ఇందులో భాగం ఉన్నది. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనూ, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలోనూ రసాయన శాస్త్రజ్ఞులు వేడికి స్పందించే జెల్‌ల మీద పరిశోధనలు చేశారు. నైపామ్‌కు వరసకు దాయాది అనదగిన వినైల్ కాప్రోలాక్టమ్ అనే మోనోమర్‌తో కంటికి ఆనని అతి చిన్న జెల్ రేణువులను తయారు చేసి, వాటిలో క్యాన్సర్ మందు నింపి, అది మెల్లమెల్లగా ఎట్లా విడుదలవుతుందో కొలిచి, 2013లో ఒక శాస్త్ర పత్రికలో ప్రకటించారు. ఇలాటి మందు ఒంట్లో కావలసిన చోటనే, కావలసినంతే విడుదల కావాలని వాళ్ళ ప్రయత్నం. ఎండలకు పేరుపడిన మా సీమలో వేడిమీద పరిశోధన జరగటం సబబే గదా!

జెల్‌లో ఇతర మోనోమర్లను కొద్దికొద్దిగా కలిపి, ఆ 32 డిగ్రీల గుర్తును జరుపుకోవచ్చు కూడా. నీటిని ప్రేమించే పూసలు కలిపితే గుర్తు పైకి పోతుంది, నూనె గుణంగల పూసలు కలిపితే కిందికి దిగుతుంది. ఏ పనికి ఎన్ని డిగ్రీలు కావాలో అందుకు తగ్గట్టు దండ గుచ్చుకుంటారన్నమాట.

మీరు నైపామ్‌తో ఆడుకోవటానికి వీల్లేదు, అది విషమని చెప్పాను గదా. కాని ఇంట్లోనే ఒక జెల్లీని పరీక్షించవచ్చు. ఒక చెంచా సబ్జా గింజలు తీసుకుని ఒక గ్లాసు చన్నీళ్ళలో వేయండి. పావుగంటలో ప్రతి గింజా చుట్టూ తెల్లని జెల్లీ తొడుక్కుంటుంది. ఇప్పుడు వాటిని రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని చన్నీళ్ళలోనే ఉంచి, రెండో దానిలో మీ అమ్మగారిని గోరువెచ్చని నీళ్ళు పోయమనండి. వేడికి సబ్జా ముడుచుకుంటుందా, లేదా? అది నైపామ్ దారిన పోతుందా, పూసా దారిన పోతుందా? మీరే చూసి పుస్తకంలో రాసుకోండి. చూడటం పూర్తయ్యాక చల్లారిన సబ్జాను నన్నారి షర్బత్తులో కలుపుకుని తాగితే తప్పు లేదు!

మీ ఊరి నేల వేడిని కూడా కొలవాలని ఉంటే, మీ మాస్టారినడిగి బడిలోని థర్మామీటరే తీసుకోండి. జ్వరం చూసే థర్మామీటరును మాత్రం మట్టిలో గుచ్చకండి. అది 42 డిగ్రీల వరకే కొలుస్తుంది, మా కర్నూలు ఎండలో పగిలి ఊరుకుంటుంది.